పోచమ్మకు ద్రాక్ష సాక

ఖతర్‌లోని అల్ ఖోర్‌లో తిరుమల్ అంటే ఏ తిరుమల్ అని అడుగుతారు. భయం తిరుమల్ అంటే మాత్రం ఇల్లు చూపిస్తారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన తోటి పనివాళ్లు పెట్టిన పేరది. ఆ పేరు విని ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికేముంది, ఉన్నమాటే కదా. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడినా రెండు పక్కలా చూసుకుంటే గానీ బండి కదిలించడు. పక్క వరుసలో పోలీసు బండి పోతుంటే, ఏ తప్పూ చేయకపోయినా, సీటు బెల్టు తడిమి చూసుకుంటాడు. ఫోన్‌లో తెలియని నంబరు మోగిందంటే భార్య ప్రమీల చేతికిచ్చి "నువ్వు మాట్లాడు" అంటాడు.

ఈ భయం ఊరికే పుట్టలేదు లెండి. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో తిరుమల్ తండ్రి కల్లు గీసేవాడు. ఒక వానాకాలం పొద్దున మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము దక్కలేదు. తిరుమల్‌కు అప్పటికి మీసం కూడా రాలేదు. ఇక చెట్లు నువ్వే గియ్యాలిరా అని కులపెద్దలు కూర్చోబెట్టి చెప్పారు. "సంపినా ఎక్క" అని మొండికేశాడు. అన్నమాట మీద నిలబడ్డాడు కూడా. చెట్టెక్కవలసి వస్తుందని ఊరు విడిచి, దేశం విడిచి, ఖతర్ వచ్చి పడ్డాడు. ఇక్కడ కంపెనీ వాళ్లు ఏం పని ఇచ్చారనుకున్నారు? గ్యాసు ప్లాంటులో పరంజాలు కట్టే పని. తాటిచెట్టుకు నాలుగింతల ఎత్తు. దేవుడికీ వేళాకోళం ఎక్కువే.

అయితే ఆ భయమే ఆయనకు అన్నం పెట్టింది. పైపు పైపుకూ ఉన్న ప్రతి బిగింపునూ చేత్తో లాగి చూస్తే గానీ కాలు మోపేవాడు కాడు. పక్కవాళ్లు నవ్వారు, ఫోర్‌మన్ తిట్టాడు, సేఫ్టీ వాళ్లకు మాత్రం మనిషి నచ్చాడు. ఇంత భయపడేవాడు చూస్తే చాలు, ఇంకొకడు పడడు అనుకున్నారు కాబోలు. పరంజా గట్టిగా ఉందో లేదో చూసి పచ్చ ట్యాగు కట్టే పని అప్పగించారు. ఆ పనితోనే హోదా పెరిగింది. ఫ్యామిలీ వీసా వచ్చింది. ఏళ్ల తరబడి పనివాళ్ల క్యాంపు మంచం మీద పడుకుని ఫోన్‌లో చూసుకున్న భార్యా, కూతురూ విమానం దిగి ఎదురుగా నిలబడ్డారు. కూతురు రిత్విక ఆ రోజు తండ్రిని గుర్తుపట్టి కూడా, దగ్గరికి రావడానికి సిగ్గుపడి తల్లి కొంగు చాటుకు పోయింది.

అప్పటి నుంచి తిరుమల్ భయాలన్నీ కలిసి ఒక్క భయమయ్యాయి. ఎక్కడో ఏదో పొరపాటు జరుగుతుంది. ఎవరో ఐడీ లాక్కుంటారు. వీళ్లిద్దరినీ విమానం ఎక్కిస్తారు. మళ్లీ క్యాంపు, మళ్లీ ఆ మంచం, మళ్లీ ఆ ఫోను. ప్లాంటులో పచ్చ ట్యాగు కడుతూ కూడా ఇదే ఆలోచన.

ఎండలు ముదురుతున్న రోజుల్లో రిత్వికకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. క్లినిక్‌లో డాక్టరు చికెన్‌పాక్స్ అని చెప్పి పూతమందు రాసిచ్చింది. ప్రమీల పూతమందు పూసింది, పార్కు నుంచి వేపరెమ్మ తెచ్చి గుమ్మానికి కట్టింది. అమ్మవారు పోసిన ఇంట్లో మనవాళ్లు చేసేదంతా చేసింది. మూడో రోజు పిల్లకు జ్వరం బాగా ఎక్కి, కళ్లు తేలేసినప్పుడు ప్రమీల మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే పోచమ్మ తల్లికి సాక పోస్తానని. సాక అంటే తెలియనిదేముంది, అమ్మవారి ముందు నేల మీద కల్లు ధార పోయడం. పిల్ల లేచి తిరిగింది. కల్లు ఏది?

ప్రమీల ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

"దుబాయ్ల కల్లు దొరకదా బిడ్డా?" అంది ఆ తల్లి. ఆమె లెక్కలో ఎడారి అంతా దుబాయే.

"ఇది ఖతర్ అవ్వా. ఈడ కల్లూ లేదు, సారా లేదు. ఉంటే జైలే."

"మొక్కిన మొక్కు ఆపొద్దు బిడ్డా. తల్లి ఊకోదు," అని ఆమె ఫోన్ పెట్టేసింది. పెట్టేసి ఆమె నిద్రపోయింది. ప్రమీలకు నిద్ర పట్టలేదు.

అదే సమయంలో తిరుమల్‌కు బీపీ ఎక్కువైంది. నాలుగు రోజులు చల్లగా ఎటైనా పోయి రమ్మన్నాడు కంపెనీ డాక్టరు. పక్క బిల్డింగులో ఉండే ఉమైర్ది బోధన్. ట్రావెల్స్ ఆఫీసులో పని చేస్తాడు, మంచి మాటకారి, ఐదు పూటలా నమాజు తప్పనివాడు. "జార్జియా పో భాయ్. మన ఐడీ ఉంటే వీసా గీసా పరేషాన్ లేదు. కొండలు, చెట్లు, చల్లగాలి. నీ బీపీ ఆడనే ఇడిసిపెట్టి రావొచ్చు," అన్నాడు. సిటీలో అయితే ఖర్చు, జనం అని, పెద్దగా ఎవరూ పోని రాచా అనే కొండసీమలో ఒక ముసలమ్మ ఇంట్లో గది చూసిపెట్టాడు. బక్రీదు సెలవులకు ముగ్గురూ వెళ్లారు.

అక్కడ తిరుమల్ భయపడలేదు. నమ్మండి. వాకిలి నిండా ద్రాక్షపందిరి, పందిరికి పచ్చి గుత్తులు, పందిరి కింద బల్ల. పొద్దున నిద్ర లేచి ఆ బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా కొండ మీద మబ్బు కదలడం చూస్తూ, మధ్యాహ్నం దాకా లేచేవాడు కాడు. ఆ ఊళ్లో ప్రతి ఇంటా ద్రాక్షసారా కాస్తారు. కాస్తారు అనకూడదేమో, పొయ్యి ఉండదు. పెద్ద పెద్ద మట్టి బానలు మెడ దాకా నేలలో పాతి, ద్రాక్షరసం పోసి, మూత పెట్టి మట్టితో మెత్తుతారు. భూమే చూసుకుంటుంది. ముసలమ్మ ఒక బాన మూత తీసి, సొరకాయ బుర్రతో ముంచి ఇస్తే, తిరుమల్ నాలుక తడుపుకున్నాడు. ఆయన తాగుడు అలవాటున్న మనిషి కాదు గానీ, గౌడ ఇంటి బిడ్డ కదా, వాసన పట్టాడు. "పొద్దుగాల కల్లు లెక్కనే పుల్లపుల్లగ ఉన్నది," అన్నాడు. తండ్రిని తలుచుకున్నాడు. తలుచుకుని, ఏళ్ల తర్వాత మొదటిసారి, చెట్టు మీంచి పడిన తండ్రిని కాకుండా చెట్టు దిగి నవ్వుతూ వచ్చే తండ్రిని చూశాడు. ఆ సాయంత్రం రిత్వికను భుజాల మీద ఎక్కించుకుని ద్రాక్షతోటంతా తిప్పాడు.

ప్రమీల చూసింది వేరు. భోజనానికి కూర్చునే ముందు ముసలమ్మ గ్లాసు ఎత్తి, గోడ మీద ఉన్న మొగుడి ఫొటో వైపు చూసి, ఏదో గొణిగి, గ్లాసులోంచి కొంచెం నేల మీద ధార పోసింది. ప్రమీలకు ఒళ్లు జలదరించింది. ఇంత దూరం వచ్చి, భాష రాని ఊళ్లో, తన ఊరి సాక కళ్ల ముందు పోస్తుంటే ఇంకేం కావాలి? తల్లే దారి చూపించిందనుకుంది. బయలుదేరే పొద్దున, తిరుమల్ బ్యాగుకు తాడు బిగించక ముందే, ఆమె ఖాళీ నీళ్ల సీసా పట్టుకుని ముసలమ్మ దగ్గరికి పోయింది. చేతులతో అడిగింది. ముసలమ్మ సంతోషంగా నింపి ఇచ్చింది.

ఆ మాట తిరుమల్‌కు ఎప్పుడు చెప్పిందనుకున్నారు? దోహాలో దిగి, బ్యాగుల బెల్టు ముందు నిలబడ్డాక.

"ఏమయ్యా, ఒక ముచ్చట చెప్త. ఒర్రకు."

"ఏంది?"

"బ్యాగుల సాక ఉన్నది. ఆ ముసలమ్మ ఇచ్చింది. జరంతనే. నీళ్ల సీసల పోసి, బిడ్డ గౌనుల సుట్టి పెట్టిన."

తిరుమల్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చుట్టూ చూశాడు. పైన కెమెరా, స్తంభానికి కెమెరా, బయటికి పోయే దారిలో బ్యాగులన్నీ మింగి అటుపక్క కక్కుతున్న స్కానింగు మిషను, దాని వెనక యూనిఫారంలో ఆఫీసర్లు.

"నీకు బుద్ధి ఉన్నదా?" అన్నాడు పెదవి కదలకుండా. "అది మందు. ఖతర్లకు మందు తెచ్చినవ్."

"తాగెటోల్లకు మందు. మనం తాగుతున్నమా? అమ్మోరికి పోసేది మందెట్లయితది?" అంది ప్రమీల. ఆమె మొహంలో అనుమానం కూడా లేదు. ఆమెకు అది నైవేద్యం. కొబ్బరికాయ తెస్తే పట్టుకుంటారా, ఇదీ అంతే.

"వాళ్లకు పోచమ్మ తెల్వదు ప్రమీలా. పట్టుకుంటే నన్ను లోపలేస్తరు. మిమ్మల్ని ఇంటికి తోలుతరు."

అప్పుడు ఆమెకు కూడా భయం తగిలింది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బెల్టు కదిలింది. బ్యాగులు ఒకటొకటిగా వస్తున్నాయి. తమ బ్యాగును ముట్టుకోకుండా వెళ్లిపోతే? ఆ ఆలోచన వచ్చినంతసేపు పట్టలేదు పోవడానికి. తమది కనబడనే కనబడింది. దాని నాలుగు వైపులా, మారిపోకుండా ఉండాలని, తిరుమల్ స్వయంగా నల్లరంగుతో తన పేరు, అల్ ఖోర్ అడ్రసు, ఫోన్ నంబరు రాశాడు. ఇంతింత అక్షరాలు. హాలు ఆ చివర నుంచి చదవొచ్చు. ఈ జాగ్రత్త ఎవడు చెయ్యమన్నాడురా నిన్ను అని తనను తాను తిట్టుకున్నాడు.

బ్యాగు దించి ట్రాలీలో పెట్టాడు. కొంచెం దూరంలో టాయిలెట్ బోర్డు కనబడింది.

"లోపటికి తీస్కపోయి పారబోసొస్త," అన్నాడు.

ప్రమీల ట్రాలీకి అడ్డం నిలబడింది. "పోచమ్మ సాకను లెట్రిన్ల పోస్తవా?"

"ఇంకేం చెయ్యాలె మరి?"

"బిడ్డ మొఖం సూడు. మచ్చలు గూడ మానలే. మొక్కి, తెచ్చి, లెట్రిన్ల పోస్తే తల్లి ఊకుంటదా? బిడ్డను మళ్ల పడేస్తే ఎవలు లేపుతరు?"

తిరుమల్ పిల్ల మొహం చూశాడు. నుదుటి మీద, బుగ్గ మీద పొక్కుల మచ్చలు ఇంకా నల్లగా ఉన్నాయి. ఆ జ్వరం రాత్రి పిల్ల కళ్లు తేలేయడం గుర్తొచ్చింది. ఇటు పోతే ఆఫీసరు, అటు పోతే పోచమ్మ. ఆయన జీవితంలో భయపడని దేవుడు లేడు, భయపడని సర్కారు లేదు. ఇద్దరూ ఒకేసారి ఎదురుపడటం మాత్రం ఇదే మొదలు. ట్రాలీని టాయిలెట్ వైపు కాస్త తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పాడు. ఈ తిప్పుడు కెమెరాలో పడుతుందేమోనని గుర్తొచ్చి కదలకుండా నిలబడిపోయాడు.

ఫోన్ మోగింది. ఉమైర్. "భాయ్, బాహర్ ఉన్న. బండిల ఏసీ ఏసి పెట్టిన. యల్లా, రాండ్రి."

తిరుమల్‌కు అప్పుడు తట్టింది. ఉమైర్ బండి. నమాజు తప్పని మనిషి, స్నేహం కొద్దీ సెలవు పెట్టుకుని వచ్చాడు. ఆయన డిక్కీలో, ఆయనకు చెప్పకుండా, మందు సీసా పెట్టి అల్ ఖోర్ దాకా మోయించాలా? దారిలో పోలీసులు ఆపితే? ఉమైర్‌కు ఇద్దరు పిల్లలు. వాళ్లనూ ముంచినట్టే.

"వస్తున్నం," అన్నాడు.

ఇంక చేసేదేం లేదు. నడిచారు. ముందు ప్రమీల, పిల్ల, వెనక ట్రాలీ తోస్తూ తిరుమల్. వరుసలో వాళ్ల ముందు ఫిలిప్పీన్స్ ఆమె, ఆమె ముందు ఒక కేరళ కుటుంబం. కేరళ వాళ్ల అట్టపెట్టె లోపలికి పోయి వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. ఫిలిప్పీన్స్ ఆమె బ్యాగు పోయి వచ్చింది, ఏమీ అనలేదు. వదిలేస్తారేమో. ఈ రోజుకు నువ్వే వదిలించు తల్లీ అని తిరుమల్ మనసులో మొక్కుకున్నాడు. ఏ తల్లికి మొక్కుతున్నాడో, దేని కోసం మొక్కుతున్నాడో ఆయనకే నవ్వు రావలసింది, కానీ రాలేదు. బ్యాగు ఎత్తి మిషను మీద పెట్టాడు. అది రబ్బరు తెరల్లోకి మెల్లగా జారిపోయింది.

ఎంతకీ బయటికి రాలేదు. బెల్టు ఆగింది. తెర ముందు కూర్చున్న ఆఫీసరు ఇంకో ఆఫీసరును పిలిచి వేలితో చూపించాడు. బెల్టు మళ్లీ కదిలి బ్యాగు బయటికి వచ్చింది. రెండో ఆఫీసరు కుర్రవాడు, సన్నని గడ్డం. బ్యాగును బల్ల మీదికి లాగి, "ఓపెన్," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

తిరుమల్ ఎంత లాగినా తాడు ఊడలేదు. తానే బిగించిన ముడి. ప్రమీల ముందుకు వచ్చి విప్పింది. ఆఫీసరు పైబట్టలు పక్కకు తోసి, పిల్ల గౌను చేతిలోకి తీసుకున్నాడు. అందులోంచి సీసా తీశాడు. లోపల ముదురెరుపు. మూత తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, తల వెనక్కి తీశాడు.

"శిను హాదా?" అన్నాడు. ఇదేంటి అని.

తిరుమల్‌కు అరబ్బీ ఆ మాత్రం వచ్చు. ప్లాంటులో రోజూ వినే మాటే. అయినా ఆ క్షణాన ఆయన చెవిలో గాలి హోరు తప్ప ఇంకేం లేదు. క్యాంపు మంచం కళ్ల ముందుకొచ్చింది. నోరు దానంతటది తెరుచుకుంది.

"నాట్ మై, సర్. మేరా నహీ. ఆమెది, సర్. మై వైఫ్. ఐ నో నథింగ్, సర్." చెయ్యి కూడా లేచింది. వేలు తిన్నగా ప్రమీలను చూపించింది.

ఆఫీసరు ఆ వేలు వైపు చూశాడు. ప్రమీల వైపు చూశాడు. తర్వాత బ్యాగు మూత కిందికి దించి, దాని మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉన్న పేరు చదివాడు. తిరుమల్ చేతిలోని పాస్‌పోర్టులు అందుకుని, ఒకటి తెరిచి ఆ పేరే అక్కడా చూశాడు.

ప్రమీల పిల్లను తన వెనక్కి జరిపి, తలెత్తి నిలబడింది. ఆమెకు వచ్చిన ఇంగ్లిషు మూడు ముక్కలే. "ఫర్ గాడ్," అంది. నేల వైపు చేయి వంచి ధార పోసినట్టు చూపించింది. పిల్ల బుగ్గ మీది మచ్చ చూపించింది. "బేబీ ఫీవర్. ఫర్ గాడ్. నో డ్రింక్. మై మిస్టేక్."

ఆఫీసరు పిల్ల మొహం చూశాడు. "మమ్నూ," అన్నాడు. ఇది నిషేధం, తేకూడదు అని చేత్తో కూడా చూపించాడు. సీసా లోపలి గదిలోకి తీసుకుపోయాడు. ఏదో రాసుకున్నాడు. తిరిగి వచ్చి, పాస్‌పోర్టులు మూడూ ప్రమీల చేతిలో పెట్టి, "యల్లా," అన్నాడు, ఇక పొండి అని.

అంతే. లోపలేయలేదు, ఇంటికి తోలలేదు. బయటికి రాగానే ఎండ మొహం మీద కొట్టింది. తిరుమల్‌కు ఆ ఎండే అమృతం అనిపించింది. ఐడీ జేబులో ఉంది. ఉద్యోగం ఉంది. భార్యాబిడ్డలు ఎదురుగా నడుస్తున్నారు. ఏది పోతుందని ఇన్నేళ్లు భయపడ్డాడో అదేదీ పోలేదు. ఉమైర్ ఎదురొచ్చి బ్యాగు అందుకుని, "ఏం భాయ్, ఇంత చెమట? జార్జియా గాలి తెస్తవనుకుంటే," అని నవ్వాడు. తిరుమల్ కూడా నవ్వాడు. అల్ ఖోర్ దాకా ఉమైర్ మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక సీట్లోంచి ప్రమీల ఒక్క ముక్క మాట్లాడలేదు. అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాడు తిరుమల్. అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఇంటికొచ్చాక ఆమె రోజూ చేసినట్టే అన్నీ చేసింది. బియ్యం కడిగింది. పప్పు పెట్టింది. పిల్లకు తినిపించి పడుకోబెట్టింది. తిరుమల్‌కు కంచం పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. ఆయన తిన్నాడో లేదో చూడలేదు. ఇంతకంటే ఆఫీసరు నయం అనిపించింది ఆయనకు.

"జర ఏమన్న అను ప్రమీలా," అన్నాడు చివరికి. "భయమైంది. మీరు యాడ పోతరోనని భయమైంది. అందుకే నోట్లకెల్లి అట్లొచ్చింది."

ప్రమీల గిన్నె కడుగుతూ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది.

"నాకు గూడ భయమైంది," అంది. "తెచ్చింది నేనే. తప్పు నాదే. నేనే నాదని చెప్తుంటి, నువ్వు జర ఆగితే."

"ఆయన అడిగితే..."

"ఆయన ఇదేందని అడిగిండు. ఎవరిదని అడగలే."

తిరుమల్ కంచంలోకి తల వంచాడు. ఆ కుర్ర ఆఫీసరు నోటిని, ఆ రెండు అరబ్బీ మాటలను మళ్లీ తెచ్చుకుని చూశాడు. ఆమె చెప్పింది నిజమే. ఎవరిదని ఎవరూ అడగలేదు. ప్రమీల పిల్ల గదిలోకి పోయింది. కంచం ముందు నుంచి లేచి ఆమె వెనకే ఆ గుమ్మం దాకా పోవడానికి, ఎన్నడూ లేని భయం వేసింది ఆయనకు. చెయ్యి కడుక్కోకుండా అక్కడే కూర్చున్నాడు.